బయట బాధ

హిందూపురం,
8-2-1959

అక్కా,

నీ కాళ్లకు దండం. బావకు కూడా. ఇక్కడ నేను, మీ మరిది, ఆయన దగ్గు, ముగ్గురం బాగానే ఉన్నాం. మండీకి ఈసారి చింతపండు విపరీతంగా వస్తోంది. ఆయన రోజంతా ఆ బస్తాల మధ్యే గుమస్తా పని చేసి ఇంటికొస్తే, చొక్కా విప్పకముందే నాకు నోట్లో నీళ్లూరుతాయి.

డిసెంబరులో ఇల్లు మారామని రాశాను కదా. ఈ ఇంట్లో ఒక విశేషం ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, నీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను? పెరట్లో కక్కసు కట్టించుకున్నాం. పాత ఇంట్లో ఉండేటటువంటి గంప కక్కసు కాదు. అక్కడ యల్లక్క రోజూ వచ్చి ఎత్తి, గంప నెత్తిన పెట్టుకొని పోయేది. వానొస్తే అది ఆమె ముఖం మీదికి కారేది. ఆమె సందులోకి రాగానే అందరూ ముక్కు మూసుకునేవాళ్లు, ఆమె మోస్తున్నది తమదేనని ఒక్కరికీ తోచేది కాదు. నేను అది చూడలేక కంపచెట్ల చాటుకే పోయేదాన్ని. ఇప్పుడు ఆ చోట లారీలు నిలబెడుతున్నారు. మీ మరిది బ్లాకు ఆఫీసుకు పోయి సిమెంటు గిన్నె తెచ్చాడు, ఓబులేసు మేస్త్రీ కట్టాడు. కింద గుంట, పైన గిన్నె. చెంబుతో నీళ్లు పోస్తే చాలు. వాసన లేదు, మోసేవాళ్లు అక్కర్లేదు. నేనే కడుగుతాను.

చెప్పొచ్చేదేమంటే అక్కా, రెండు నెలలుగా నాకు బయట బాధ లేదు. ఇది వింటే నీకెంత సంతోషమో నాకు తెలుసు.

నీ నీలావతి

పెనుకొండ,
20-2-1959

మే నీలా, నా బంగారు తల్లీ,

నేను చెప్తాండా, పోస్టు నల్లప్ప రాస్తాండాడు. జాబు తెచ్చేదీ ఆయప్పే, చదివేదీ ఆయప్పే, రాసేదీ ఆయప్పే. నీ జాబు చదువుతా చదువుతా నడుమ నిలబడిపోయినాడు. "ఈడ ఏందో ఆడోళ్ల ఎవ్వారం ఉండాదక్కా, నా నోటితో చదవను" అని ఒక పెద్ద ముక్క మింగేసినాడు. పోనీలే పాపం, మొగోడు. కడాకు వచ్చి "రెండు నెలలుగా నాకు బయట బాధ లేదు" అని చదివినాడు సూడు, నా చేతిలో చాట కింద పడె. బియ్యమంతా నేలపాలు. నేను ఏరుకోను గూడా లేదు, ఆన్నే కూచోని ఏడ్చినా.

పెండ్లయి ఆ ఊరు పోయినప్పట్నించి, ఎనిమిదేండ్లు, నువ్వు పడిన బాధ నాకు తెలీదా? నేను మొక్కని దేవుడు లేడు. ఇన్నాళ్లకు కదిరి నరసింహస్వామి కండ్లు తెరిసినాడు. నల్లప్ప ముందర ఇంతకంటే ఇడమరిచి చెప్పను.

బరువులు ఎత్తొద్దు. వేడి చేసేవి తినొద్దు. మూడు నెలలు దాటేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగుల్తాది. పొద్దుగూకినాక నీళ్లు తాగొద్దు, మాటికి చీకట్లో లేసి పోవాల్సొస్తాది, పురుగూ పుట్రా ఉంటాయి. నేనైతే పగలు గూడా నోరు తడుపుకుంటానంతే. ఎండ ఉండంగా వంకకాడికి యాడ పోయేది, మొగోళ్లంతా ఆ దావనే నడుస్తాంటే? మోకాళ్లు గూడా మొరాయిస్తాండాయి. నీళ్లు తాగకపోతే పోయే పనే లేదు. అలవాటైపోయిందిలే.

అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేండ్లు. నా సంక ఎక్కితే దిగుతాంటివా నువ్వు? ఆ పొద్దు నుంచి నాకు నువ్వు చెల్లెలివి కాదు. ఇంగ చెప్పను, కండ్లు మసకబడతాండాయి.

మీ అక్క రామసుబ్బమ్మ

హిందూపురం,
3-3-1959

అక్కా,

నీ జాబు చూసి మీ మరిది ఆశ్చర్యపోయాడు. "మీ అక్క తిడుతుందనుకుంటే ఏడ్చిందా!" అన్నాడు. నేనూ భయపడ్డాను, నిజం చెబుతున్నా. ఇంట్లో ఇట్లాంటిదా అని నువ్వు చీపురు తిరగేస్తావనుకున్నాను.

కానీ అక్కా, దీనికి దిష్టి ఏమిటి? వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. దాచిపెట్టేది కాదు కదా. మూడు నెలలు ఆగమన్నావు, ఓబులేసు మేస్త్రీ కూడా సరిగ్గా అదే మాట అన్నాడు, మూడు నెలలు నిలిస్తే ఇక భయం లేదని. వేడి చేసేవి తినవద్దన్నావు, అదీ నిజమే, కడుపు పాడైతే మాటిమాటికీ పోవాలి. బరువులెత్తకపోతే మాత్రం జరగదు, నీళ్ల బిందె నేను కాక ఎవరు మోస్తారు?

మీ మరిది చేసిన పనిని ఆడవాళ్లంతా పొగుడుతున్నారు. పక్కింటి మునెమ్మకు అరవై దాటాయి. ఆమె కూడా మొగుడి ముందు కూర్చుని, "నీలావతికి ఆయప్ప చేసినట్లు నాకూ చేస్తావా లేదా?" అని పంతం పట్టింది. ఆ ముసలాయన మా ఇంటికొచ్చి ఎట్లా చేయాలో మీ మరిదిని అడిగి తెలుసుకుని పోయాడు.

ఒక్క తొట్టి మాత్రం కావాలి. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్నది ఏదైనా ఉంటే పంపు.

అక్కా, నీళ్లు తాగడం మానుకున్నానని రాశావే, అది నాకు నచ్చలేదు. నాలుగు రోజులుగా అదే గుర్తొస్తోంది. ఎండలు ముదురుతున్నాయి. ఎండాకాలంలో మనిషి నీళ్లు లేకుండా ఎట్లా బతుకుతుంది? ఒకసారి వచ్చి మా దగ్గర ఉండరాదా? ఇక్కడ నీకు ఆ బాధ ఉండదు.

నీ నీలావతి

పెనుకొండ,
17-3-1959

మే నీలా,

ఆ మునెమ్మకు సిగ్గు శరం లేదా? అరవై ఏండ్ల ముసల్దానికి ఏం కోరిక మే అది! మీ ఇంటాయన దగ్గరికొచ్చి అడిగేదానికి ఆ ముసలోనికి నోరెట్ల వచ్చె? వాళ్లతో సావాసం తగ్గించుకో. నల్లప్ప ఆ ముక్క చదివి గోడ దిక్కు తిరుక్కోని దగ్గుతా కూచున్నాడు.

తొట్టి నువ్వు అడగాల్నా? నువ్వు అడగకముందే దించిపెట్టినా. మన అమ్మ నన్నూ నిన్నూ ఊపిన తొట్టి. నాకు దేవుడు పిల్లల్ని ఇయ్యలేదు గాబట్టి అటక మీద చీకట్లో పడుండె. చింతపండు పెట్టి గొలుసులు తోమినా, పలకలకు ఆముదం పట్టించినా, నా పాత చీర మెత్తంది మడిచి లోపల పరిచినా. మీ బావ ధర్మవరం ప్యాసింజరులో ఎక్కించి పంపిస్తాండాడు. స్టేషనుకు మనిషిని పంపు.

నీ దగ్గరికి నేను రాకుండా ఎట్లుంటా? కానుపుకు నెల ముందరే వస్తా. నా నీళ్ల సంగతి నీకెందుకు? నీ కడుపులో బిడ్డ సంగతి సూసుకో.

మీ అక్క రామసుబ్బమ్మ

హిందూపురం,
25-3-1959

నల్లప్పన్నా,

ముందు నీకే రాస్తున్నాను. ఈ ఉత్తరంలో ఒక్క మాట కూడా మింగకుండా అక్కకు చదివి వినిపించు. నీకు సిగ్గేస్తే కండ్లు మూసుకుని చదువు. నా మీద ఒట్టు.

అక్కా,

నేను నీళ్లోసుకోలేదు. నా కడుపులో బిడ్డ లేదు. బయట బాధ లేదని నేను రాసింది నెల తప్పిన సంగతి కాదు, కక్కసు సంగతి. పెరట్లో కక్కసు కట్టించుకున్నాం, చెంబు పట్టుకుని కంపచెట్లలోకి పోయే బాధ తప్పింది, అంతే. నల్లప్పన్న మింగింది అదే. నేనడిగిన తొట్టి నీళ్లు నింపుకునేదానికి. మునెమ్మకు కావాల్సిందీ కక్కసే, పాపం ఆమెను ఏమీ అనుకోవద్దు.

తొట్టి, నీ జాబు ఒకే పూట వచ్చాయి. మీ మరిది స్టేషను నుంచి జట్కాలో తెచ్చాడు. వీధిలో ఆడవాళ్లంతా గుమికూడి నవ్వుతూ నా బుగ్గలు గిల్లారు. కాదని చెప్పేసరికి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆయన తొట్టిని నడింట్లో పెట్టి, గొలుసు పట్టుకుని మెల్లగా ఒక్కసారి ఊపాడు. ఆ తర్వాత మండీకి పోయాడు. నేను నీ చీర మడతలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. దానికి నీ వాసన ఉంది.

నీ మీద కోపం లేదు. నిన్ను అంత సంతోషపెట్టి, మళ్లీ నా చేతులతోనే దాన్ని లాక్కుంటున్నానే, అదే నాకు కష్టంగా ఉంది. కానుపుకు వస్తానన్నావు. కానుపు లేకపోయినా రా అక్కా. వచ్చి కడుపు నిండా నీళ్లు తాగు.

నీ నీలావతి

పెనుకొండ,
10-4-1959

నీలావతికి,

విన్నా. అంతా విన్నా. నల్లప్పను నిలదీస్తే, "ఆ పొద్దు నువ్వు సంతోషంగా ఏడుస్తాంటివక్కా, కక్కసు అనే మాట నా నోట్లోంచి ఎట్ల వస్తాది?" అంటాడు. ఆయప్పను ఏమని తిట్టేది?

ఊరంతా చెప్పుకుంటి. దేవుని ముందర కొబ్బరికాయ కొడితి. ఇప్పుడు అందరికీ ఏమని చెప్పల్ల? నేను మొక్కిన మొక్కులన్నీ మా చెల్లెలి కక్కసుకని చెప్పల్లనా? రైతు ఇంట్లో పుట్టి, పొద్దున్నే లేసి కక్కసు కడుగుతాండావా? అది చెప్పుకునేదానికి నీకు ఒక జాబు గూడానా?

నేను రాను. దేవుడుండే ఇంట్లో అది పెట్టుకున్న సోట నాకు అన్నం దిగదు. నీళ్లు అసలే దిగవు.

రామసుబ్బమ్మ

హిందూపురం,
22-5-1959

అక్కా,

నీకు కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు. తగ్గకపోయినా ఈ ఉత్తరం విను.

నిన్న బావ చింతపండు బండితో మండీకి వచ్చాడు. భోజనానికి కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తడం లేదు. ఏమని అడిగితే, "మీ అక్క బాయికాడ కండ్లు తిరిగి పడె నీలా. ఆసుపత్రిలో చేర్పించి వస్తి" అన్నాడు. ఒంట్లో చుక్క నీరు లేదని, మూత్రంలో మంట, జ్వరం, ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడంట. "నీళ్లెందుకు తాగవమ్మా?" అని ఆయన అడిగితే, నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావంట. బావకు కూడా ఎందుకో తెలియదు! ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషికి తెలియదు. నేనే చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని, మా పెరట్లోకి పోయి కక్కసు చూసి వచ్చాడు.

నాకు అమ్మ ముఖం గుర్తు లేదు. అమ్మ అంటే నాకు నీ ముఖమే వస్తుంది. నిన్ను పోగొట్టుకుంటే నాకు రెండోసారి అమ్మ పోయినట్టు. నన్ను తిట్టు, జాబు రాయకు, నా గడప తొక్కకు. కానీ నీళ్లు తాగు.

మా ఓబులేసు మేస్త్రీది ధర్మవరం. వచ్చే వారం ఆయన పెనుకొండలో దిగుతాడు. మీ పెరట్లో చిన్న పని ఉంది. ఏం పనో బావ చెబుతాడు.

నీ నీలావతి

పెనుకొండ,
30-6-1959

మే నీలా,

బావ చెప్పినాడు లే! ఎనుములకు నీళ్ల తొట్టి కట్టిస్తాండానని చెప్పినాడు. ఆ మేస్త్రీ గుంట తవ్వె, గోడ లేపె. తొట్టికి గోడ ఎందుకని అడిగితే ఎండ తగలకుండా అనె. సరే అంటి. తలుపు పెట్టే పొద్దు, "తొట్టికి తలుపెందుకయ్యా?" అంటి. మీ బావ నేల చూసి, "ఎనుముకు సిగ్గు" అనె. అప్పుడు తెలిసె నాకు. మీరు మీరు ఒకటై నన్ను తొట్టి తొట్టి అని రెండోసారి మోసం చేస్తిరి. ఆ మాట ఇంగ నా ముందర ఎవరన్నా అంటే ఊరుకోను.

తలుపేసి, లోపల గానుగపిండి మూటలు పెట్టిచ్చినా. చక్కంగ ఉండాయి, ఎలుకలు గూడా పోవు. మేస్త్రీ మంచి పనోడే.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఎందుకు పోనంటే, నీకు నేను ఎట్ల చెప్పల్ల? ఈ వీధిలో ప్రతి ఇంట్లో నా మాటకు విలువ ఉండాది. పేరంటమైతే ముందర నన్నే పిలుస్తారు. రామసుబ్బమ్మ పెరట్లో కక్కసు ఉండాదంటే నా చేతి వక్కాకు ఎవరు తీసుకుంటారు? నేను పట్నంలో లేను మే.

మందు తింటాండా. నీళ్లు డాక్టరు చెప్పినంత కాదు గానీ, తాగుతాండా. మేస్త్రీ చెప్పిన వారం రాకపోతే, నా కోసం మీ బావ ఆయప్పను వెతుక్కుంటా ధర్మవరం దాకా పోయొచ్చినాడంట, నాకు చెప్పనే లేదు. ఆ తొట్టి, అమ్మది, ఏం చేసినావు? తిరిగి పంపొద్దు. అంతే అడుగుతాండా.

మీ అక్క

హిందూపురం,
11-7-1959

అక్కా,

తొట్టి మళ్లీ అటకెక్కలేదు. మునెమ్మ మనవరాలు అందులో పండుకుంటోంది. వాళ్లమ్మ కూలికి పోయినప్పుడు నేనే ఊపుతాను. ఇప్పుడు ఆ పిల్ల నా గొంతు వింటే కాళ్లాడిస్తుంది.

నీ వక్కాకు సంగతి. మాకూ మొదట ఎవరూ రాలేదు. ఇంటి యజమాని చెల్లెలు గుమ్మం దగ్గరే నిలబడి కుంకుమ పెట్టించుకుని పోయేది. ఇప్పుడు వాళ్ల పెరట్లోనూ కట్టారు. పాత వీధిలో యల్లక్కకు మాత్రం ఇంకా గంప తప్పలేదు, కనబడినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. మన మడి కాపాడుకునేదానికి ఇంకొకరి నెత్తిన మోయిస్తున్నాం. మీ ఊళ్లో అయితే వంకలో వేస్తున్నాం, ఆ వంక నీళ్లే కింది పల్లెవాళ్లు తాగుతారు.

ఒక్కటడుగుతాను. మీ వీధిలో నువ్వొక్కదానివే నీళ్లు మానుకున్నావని అనుకుంటున్నావా? పక్కింటి ఆడవాళ్లను అడిగి చూడు. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు గానీ, అందరి నాలుకలూ ఎండే ఉంటాయి.

నీ నీలావతి

పెనుకొండ,
2-9-1959

నీలా, నా తల్లీ,

నల్లప్ప ఇప్పుడు ఏ మాటైనా రాస్తాడు, చదువుతాడు. సిగ్గు పోయింది ఆయప్పకు. అందుకే అంతా చెప్తాండా, విను.

పోయిన నెల ఈడ వానలు. కొండ మీద నీళ్లంతా దిగి వంక నిండుగా పారె. ఎదురింటి హనుమమ్మకు నెలలు నిండినాయి. గోనెసంచి కప్పుకోని, అత్తను పట్టుకోని నా వాకిట్లోకొచ్చి నిలబడె. ఆ పిల్ల నా ముఖం చూసి, "పెద్దమ్మా, దావ లేదు. పొద్దున్నించి బిగబట్టుకోనుండా. మీ పెరట్లో ఆ తలుపు తీస్తావా?" అనె. కండ్లలో నీళ్లు.

ఎంత సేపు బిగబట్టుకోనుండాదో మే! బిడ్డను మోసే మనిషి! గానుగపిండి మూటలు ఆ వానలోనే నేను ఒక దిక్కు, వాళ్లత్త ఒక దిక్కు పట్టుకోని ఈడ్చిపారేసినాం. సగం తడిసి గంజైపోయినాయి, మీ బావ ఇప్పటికీ వాటిని తలుచుకోని మూలుగుతాండాడు. ఆ పిల్ల చెయ్యి పట్టుకోని లోపలికి పంపి, తలుపు బయట నేను నిలబడితి. బయటికొచ్చి నా భుజం మీద తల పెట్టె.

వాళ్లు పోయినాక బక్కెట్టు నీళ్లు, చీపురు తీసుకోని నేనే కడిగినా. ఎవరు కడగల్ల అనే మాట నాకు గ్యాపకం గూడా రాలే. నిన్ను నాలుగేండ్ల పిల్లను కడిగి పెంచిన చేతులే గదా ఇవి, ఏం అరిగిపోతాయి? కడిగినాక ఆన్నే నిలబడి చూసుకుంటి. వాసన లేదు, ఏం లేదు. తలుపు దగ్గరికేసుకుంటి. నేనూ పోయొస్తి.

మళ్లా రోజు పొద్దున్నే వాళ్లత్త వచ్చె. ఆమె ఎనక ఇంకో ఇద్దరు. అడిగితి నేను, నువ్వు చెప్పినట్లే. "ఏమ్మే, మీరు గూడా నీళ్లు తాగరా?" అంటి. ఒకరి ముఖం ఒకరు చూసుకోని పకపకా నవ్విరి. నవ్వి నవ్వి ఒకామె ఏడిచె. ఇన్నేండ్లు పక్కపక్క ఇండ్లల్లో ఉంటిమి నీలా, ఒకరి ఎండిన నోరు ఒకరికి తెలీకపాయె. వచ్చినోళ్లు ఒక బిందె నీళ్లు తెచ్చిపోయల్ల, కడిగే వంతు తప్పకూడదు, అని చెప్పినా. నా వంతే ముందర. మీ బావకు మాత్రం లోపలికి సెలవు లేదు, ఆయప్ప వంకకే పోతాడు, మొగోళ్లకు తొందరేముందిలే, వాళ్లను వాళ్లే కట్టుకోమను. ఆ మాట విని, "నన్నే ఎలేస్తిరే!" అంటా పోయి ఓబులేసును మళ్లా పిలిపిస్తాండాడు.

హనుమమ్మకు ఆడపిల్ల పుట్టె. పేరంటంలో వక్కాకు ముందర నా చేతిదే తీసుకునిరి.

నీ మీద కోపంతో నానా మాటలు అంటి. అవన్నీ మనసులో పెట్టుకోవద్దు. నీకు బిడ్డ పుట్టినా పుట్టకపోయినా నా బిడ్డవు నువ్వే, అది మాత్రం మారదు. వచ్చే నెల నేను హిందూపురం వస్తాండా. మునెమ్మకు నా దండం చెప్పు, తిట్టినందుకు.

ఇంగొకటి. నిన్న మద్యాన్నం, ఎండ నడినెత్తిన ఉండంగా, అన్నం తిన్నాక చెంబు ఎత్తి గటగటా తాగితి. మీ బావ ముద్ద చేతిలో పట్టుకోని నన్నే చూస్తాండె. ఇంకో చెంబు ముంచుకోని అదీ తాగితి. పగటిపూట నీళ్లు ఇంత తియ్యగుంటాయని మరిచేపోయింటి నీలా.

మీ అక్క రామసుబ్బమ్మ